గేటు దగ్గర పిలిచిన పేరు

"పది రోజులే కదా రాహేలూ. రాధా అని పిలిస్తే పలకడానికి కష్టమేముంది?"

ఆ మాట అంటున్నంతసేపూ శారద పాలగిన్నె వైపే చూస్తోంది. పాలు ఇంకా పొంగే దశకు రాలేదు. అయినా మంట తగ్గించింది, గరిటె పెట్టి తిప్పింది, గట్టు మీద లేని మరకను గుడ్డతో తుడిచింది. కింద పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న రాహేలు చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"పైన పెద్దమ్మ ఏమన్న అన్నదా?"

"ఆవిడేం అనలేదు. డెబ్భై దాటిన మనిషి, మడీ ఆచారం ఉంటాయి కదా అని నేనే చెప్పేశాను. ఆ పేరు నోటికొచ్చింది."

అది నిజమే. నాచారంలో శారద వాళ్ళ పై ఫ్లాట్‌లోకి నెల కిందట దిగిన గిరిప్రసాద్, శారద భర్త ఉమామహేశ్వర్ ఉప్పల్‌లో ఒకే ప్రయోగశాలలో పనిచేస్తారు. ఇద్దరికీ ఆఫీసు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ గడువు డిసెంబరుతో అయిపోతుంది. వాడుకోకపోతే పోయినట్టే. అందుకని నవంబరు చివర్లో, బుద్ధున్నవాడెవడూ కొండలెక్కని రోజుల్లో, హిమాలయాల్లోని ఒక నేషనల్ పార్కుకు టికెట్లు తీశారు. గిరిప్రసాద్ తల్లి లక్ష్మీనర్సమ్మ తానూ వస్తానంది. ఆవిడ బయట తిండి ముట్టదు. "వంటమనిషిని తీస్కపోదాం" అంది కోడలు నీరజ. "మా ఇంట్లో చేసే ఆమె ఉంది" అంది శారద. "ఏం పేరు?" అని నీరజ మాటవరసకు అడిగింది. లక్ష్మీనర్సమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. శారద ఆవిడ వేళ్ళకేసి చూసి, "రాధ" అంది.

"రైలు టికెట్ మీద నా పేరే ఉంటది గద?" అంది రాహేలు.

"నీది స్లీపరు, మాది ఏసీ. టికెట్లు, ఆధార్ కార్డులు అన్నీ సార్ దగ్గరే ఉంటాయి. ఎవరు చూస్తారు?"

రాహేలు ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. కాసేపటికి, "నిజంగ మంచుకొండ కనపడ్తదా అమ్మా?" అంది. "చర్చిల హిమం హిమం అని పాడుతం గని ఎట్లుంటదో ఎన్నడు సూడలే. మా షైనీ అయితే, నువ్వు సూసి రాకుంటె ఇంట్లకు రానియ్య మమ్మీ అంటుంది."

"పార్కు లోపలికి నడిస్తే ఎదురుగానే ఉంటుందట. మాతోపాటు నువ్వూ లోపలికి వస్తావు. నాదీ పూచీ."

"అయితే సరే తియ్యున్రి. రాధనే అయిత."

శారద మనసు తేలికపడింది. రెండేళ్ళుగా తన వంటిల్లు రాహేలు చేతుల్లోనే ఉంది. తనకు అటువంటి పట్టింపులు లేవని నలుగురిలో చెప్పుకునేది కూడా. వ్రతాలు, పూజలు ఉన్న రోజున మాత్రం "ఇవాళ రావద్దులే, విశ్రాంతి తీసుకో" అనేది. అది సెలవివ్వడమేనని ఆమె నమ్మకం.

*

నాలుగో రోజు మధ్యాహ్నానికి పార్కు కింది ఊరు చేరారు. దారంతా మబ్బు. కొండలు ఉన్నాయని నమ్మడమే తప్ప కళ్ళకు కనబడింది లేదు. ఊళ్ళో సగం ఇళ్ళకు అప్పటికే తాళాలు వేసి ఉన్నాయి. మిగిలినవాళ్ళు గొర్రెలను తోలుకుంటూ, పరుపుల చుట్టలు జీపుల మీద కట్టుకుంటూ చలికాలానికి కిందికి దిగిపోతున్నారు. గెస్ట్‌హౌస్ కుర్చీలను కూడా బల్లల మీద బోర్లించేశారు. వీళ్ళే ఈ ఏటికి ఆఖరి అతిథులట.

రాహేలు వచ్చీ రాగానే వంటగదిలోకి పోయి సామాన్లు విప్పింది. ఆ ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి కాని పప్పు ఉడకదని ముందురోజు మజిలీలోనే కనిపెట్టింది. అందుకని కందిపప్పును జీపులోనే డబ్బాలో నానబోసి, ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. కుక్కరు మూత మీద ఇటుక పెట్టనా అని ఆమె అడుగుతుంటే శారద "వద్దు తల్లీ, పేలుతుంది" అని నవ్వింది. నాలుగు విజిల్స్‌కు అయ్యేది పదకొండు విజిల్స్‌కు అయింది. చారు ఘాటు చెక్కగోడల సందుల్లోంచి వరండాలోకి పాకింది.

"రాధా, ఇంగువ ఇంకింత పడాలె" అంది లక్ష్మీనర్సమ్మ, శాలువలోంచి గ్లాసు చాపి.

రాహేలు అటు తిరగలేదు. పోపు గరిటె కడుగుతోంది.

"ఓ రాధా."

"ఆఁ, పెద్దమ్మా."

"రెండుసార్లు పిలిస్తె గని పలకవేంది? చెవులల్ల దూది పెట్టుకున్నవా?"

"చలికి పెట్టుకున్న పెద్దమ్మా."

అందరూ నవ్వారు. శారద కూడా నవ్వింది, తక్కినవాళ్ళ నవ్వు ఆగిపోయాక కూడా కాసేపు.

ముందురోజు ఇంకొకటి జరిగింది. దారిలో ఆగిన చోట అందరూ తిన్నాక రాహేలు తన కంచం పెట్టుకుని, అలవాటు ప్రకారం తలవంచి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. శారద గుమ్మంలోంచి చూసి చిన్నగా దగ్గింది. రాహేలు కళ్ళు తెరిచింది. శారద కళ్ళతోనే లక్ష్మీనర్సమ్మ కూర్చున్న వైపు చూపించింది. రాహేలు ముద్ద కలిపింది. ఈ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. శారద అది గమనించింది. గమనించనట్టు నీళ్ళ చెంబు అందించింది.

*

మర్నాడు మబ్బు విడిపోయింది. ఆ ఏటికి పార్కు ఇక తెరిచి ఉండేది ఆ ఒక్క రోజే, తర్వాత మళ్ళీ మే నెలలోనే. గేటంటే దారికి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, పక్కన రేకుల గది, దాని ముందు ఒక చెక్క బల్ల. కడ్డీ అవతల నిట్టనిలువు రాతికొండ. దారి దాన్ని చుట్టుకుంటూ పోయి మలుపులో మాయమవుతోంది. ఆ మలుపు తిరిగితే తప్ప మంచు శిఖరం కనబడదని డ్రైవరు చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ నడవలేదు కనుక ఆవిడ పేరు పర్మిట్‌లో రాయించలేదు. ఆవిడ ఎండ పడుతున్న బల్ల మీద కూర్చుంది.

రాహేలు తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి ఐదు పొట్లాలు కట్టింది. చీర మీద భర్త జోసఫ్ నీలం స్వెట్టరు, కాళ్ళకు కూతురి కాన్వాస్ బూట్లు. సంచి భుజానికి తగిలించుకుని కడ్డీకి అందరికంటే దగ్గరగా నిలబడింది. మధ్యమధ్య మునివేళ్ళ మీద లేచి ఆ మలుపు వైపు చూస్తోంది.

గార్డు గదిలోంచి అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చాడు. కింద ఆఫీసులో ఉమామహేశ్వర్ ఆధార్ కార్డులన్నీ ఇచ్చి రాయించిన పర్మిట్ అది. పేరు పిలవాలి, చెయ్యెత్తిన మనిషిని లోపలికి పంపాలి, సాయంత్రం అదే లెక్కన బయటికి రప్పించాలి. చలికాలం ముందు లోపల ఒక్క మనిషి కూడా మిగలకూడదు.

"ఉమామహేశ్వర్. శారద, వైఫ్ ఆఫ్ ఉమామహేశ్వర్. గిరిప్రసాద్. నీరజ, వైఫ్ ఆఫ్ గిరిప్రసాద్."

నలుగురూ చేతులెత్తారు.

"రాహేలు, వైఫ్ ఆఫ్ జోసఫ్."

ఇలా జరుగుతుందని శారదకు తట్టనే లేదు. రైలు గురించి ఆలోచించింది, గెస్ట్‌హౌస్ రిజిస్టరు గురించి ఆలోచించింది. ఇంత ఎత్తున, ఇంత నిశ్శబ్దంలో ఒక మనిషి నిలబడి పేరు పెట్టి పిలుస్తాడని అనుకోలేదు.

రాహేలు చెయ్యి సంచి పట్టీ మీద ఉంది. వేళ్ళు విడివడ్డాయి. చెయ్యి ఎత్తకముందు ఆమె శారద వైపు చూసింది. శారద వంగి బూటు తాడు బిగించుకోవడం మొదలుపెట్టింది.

"రాహేలు."

"రాహేలెవరు? మన కాగితంల వేరేవాళ్ళ పేరు కలిసిందా ఏంది?" అంది నీరజ. ఉమామహేశ్వర్ కళ్ళజోడు తీసి మఫ్లరు కొసతో తుడుచుకుంటున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"రాహేలు, వైఫ్ ఆఫ్ జోసఫ్. వచ్చిందా, రాలేదా?" అన్నాడు గార్డు హిందీలో, విసుగ్గా.

శారద నిటారుగా నిలబడింది. "నహీ ఆయీ" అంది.

గార్డు ఆ పేరు మీద గీత కొట్టాడు. కాగితం మీద పెన్ను గీసుకున్న చప్పుడు అందరికీ వినబడింది.

"మరి రాధ పేరు పిలవలేదేంది?" అంది నీరజ.

"ఆమెకి రాయించడం మర్చిపోయినట్టున్నారు." ఒకసారి నోరు తెరుచుకున్నాక రెండోది సులువుగానే వచ్చింది.

"అయ్యో, ఇంకొక పర్మిట్ ఇస్తరేమో అడుగుదాం" అన్నాడు గిరిప్రసాద్. గార్డు తల అడ్డంగా ఊపాడు. పర్మిట్లు కింద ఊళ్ళో ఆఫీసులో రాస్తారు, ఈ ఏటికి నిన్నటితో సరి.

"వద్దు సార్" అంది రాహేలు. గొంతు మామూలుగానే ఉంది. "పెద్దమ్మ ఒక్కతే ఉంటది గద. నేను ఈడ కూసుంట. మీరు పోయిరాన్రి." భుజం మీది సంచి తీసి ఉమామహేశ్వర్‌కు అందించింది. "నీళ్ళ సీసలు కిందున్నయ్ సార్, పొట్లాలు పైనున్నయ్. ఒత్తుకపోకుంట సూసుకోన్రి."

కడ్డీ దాటగానే గిరిప్రసాద్ ఫోను పైకెత్తి, నలుగురూ వచ్చేట్టు ఒక ఫోటో తీశాడు.

*

మలుపు తిరగగానే శిఖరం నిలబడి ఉంది. ఎవరో చెప్పి చూపించాల్సిన పని లేకుండా, దారి కొసన, ఆకాశంలో సగం తానే అయి. "అబ్బ" అని నీరజ ఆగిపోయింది. దారి పక్క భూర్జవృక్షాలు ఆకులు రాల్చేసి, ఊడిపోతున్న తెల్ల బెరడుతో గాలికి గరగరలాడుతున్నాయి. అక్కడక్కడా ఒక పసుపుపచ్చని ఆకు ఇంకా పట్టుకుని ఉంది. వాగు అంచులు గాజుపెంకుల్లా గడ్డకట్టాయి. నడుమ మాత్రం నీళ్ళు పారుతున్నాయి. అవతలి వాలు మీద బూడిదరంగు అడవిగొర్రెలు రాళ్ళలో రాళ్ళలా మేస్తున్నాయి.

శారద ఒకసారి తలెత్తి చూసింది. తర్వాత ముందు నడుస్తున్న గిరిప్రసాద్ బూటు మడమలే చూస్తూ నడిచింది.

వెనక్కి వెళ్తే పది నిమిషాలు. ఆమె పేరే రాహేలు, నేనే అబద్ధం చెప్పాను, ఆ గీత చెరిపెయ్యండి అంటే సరిపోతుంది. ఆ మాటలు ఆమె నోట్లో సిద్ధంగానే ఉన్నాయి. చెక్క వంతెన దాటాక చెబుదామనుకుంది. వంతెన దాటాక, ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటారు కదా అనుకుంది. నడిచే కొద్దీ వెనక్కి దారి పొడుగవుతోంది.

ఉమామహేశ్వర్ పక్కకు వచ్చాడు. "నువ్వు చెప్తావనుకున్నాను" అన్నాడు మెల్లగా.

"మీరు చెప్పచ్చుగా."

"పేరు పెట్టింది నువ్వు." ఆయన ముందుకు నడిచాడు.

ఒక బండ మీద కూర్చుని పులిహోర తిన్నారు. విస్తరాకులు దొరకవని రాహేలు హైదరాబాదు నుంచి అరటాకు ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. పొట్లం పొట్లానికీ దారం ఒకేలా రెండు చుట్లు చుట్టి, కొస లాగితే విడిపోయేట్టు ముడివేసింది. నీరజ "చేతిల గుణం ఉన్నది మీ రాధకు" అంది. నలుగురూ తిన్నాక సంచిలో ఒక పొట్లం మిగిలింది. దారి చూపడానికి వెంట వచ్చిన గైడు కుర్రాడికి ఇచ్చేద్దామన్నాడు గిరిప్రసాద్. శారద ఇవ్వలేదు, ఎందుకో చెప్పలేదు. సంచి మూతి కట్టేసి తన భుజానికే తగిలించుకుంది. తిరిగొచ్చేదాకా ఆ పొట్లం ఆమె వీపుకు తగులుతూనే ఉంది.

రెండు దాటాక గేటు చేరారు. బల్ల మీద లక్ష్మీనర్సమ్మ, రాహేలు ఒకే శాలువ చెరో కొస కప్పుకుని కూర్చున్నారు. మధ్యలో లక్ష్మీనర్సమ్మ పెరుగన్నం డబ్బా ఖాళీగా ఉంది. శారద రాగానే వాళ్ళ మాటలు ఆగిపోయాయి.

"కొండ కనపడ్డదా అమ్మా?" అని రాహేలు అడిగింది.

"కనబడింది" అంది శారద. సంచిలోని పొట్లం తీసి ఇవ్వబోయి, మానుకుని, సంచితో సహా ఆమె చేతికిచ్చింది.

*

ఆ సాయంత్రం టీ తాగాక లక్ష్మీనర్సమ్మ శారదను తన గదిలోకి పిలిచింది. హీటరు ముందు కాళ్ళు చాపుకుని, చేతిలో జపమాల పట్టుకుని ఉంది. పూసలు కదలడం లేదు.

"ఆ పిల్ల పేరు రాహేలంట గదా."

శారద మంచం అంచున కూర్చుంది. "చెప్పిందా?"

"చెప్పేదేంది? ఐదు పేర్లు పిలిచిండు. ఐదుగురు నిలబడ్డరు. నలుగురు చేతులెత్తిన్రు. నాకు ఐదు దాక లెక్క రాదా? మీరు పోయినంక నేనే అడిగిన, నీ పేరు రాహేలా బిడ్డా అని. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాక ఏడవలే."

"మీ కోసమే పిన్నిగారూ. మీకు మడీ అదీ..."

"నేను అడిగిన్నా?"

"లేదు."

"మరి అడగనిదానికి జవాబెందుకు చెప్పినవ్?"

హీటరు తీగ ఎర్రగా వెలుగుతోంది. లక్ష్మీనర్సమ్మ గొంతు తగ్గించింది.

"తెలిసి ఉంటె ఏమనేదాన్నో నాకే తెల్వది శారదా. నేనేం గొప్పదాన్ని గాను. ఎవరెవర్ని గడప దాటనియ్యలేదో అన్ని యాదికున్నయి నాకు. వద్దనేదాన్నేమో. అంటె ఆ పాపం నాదయ్యేది, నేను మోసేదాన్ని. నువ్వు నీ మనసుల ఉన్నది నా పేరు మీద చేసినవ్."

"ఇప్పుడెలా మరి? రేపటి నుంచి నేను వండుతాను."

"ఎందుకు? నాలుగు రోజుల సంది తింటున్న. ఇయ్యాల నా డబ్బాల సగం ఆమెకు పెట్టి, సగం నేను తిన్న. తెలిసే తిన్న. నువ్వేం ఫికర్ పడకు, పో."

గది బయటికి వచ్చాక శారదకు ఎటు వెళ్ళాలో తోచలేదు. వంటగదిలో గిన్నెల చప్పుడవుతోంది. అటు మాత్రం వెళ్ళలేకపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే ఉమామహేశ్వర్‌ను లేపింది. "మూసేస్తారన్నారు, అయినా రాహేలుకి ఇవాళ పర్మిట్ దొరుకుతుందేమో కనుక్కోండి. నేను ఒక్కదాన్నే తీసుకెళ్తాను." ఆయన స్వెట్టరు తొడుక్కుని వెళ్ళి, గంట తర్వాత చేతులు రుద్దుకుంటూ తిరిగొచ్చాడు. ఆఫీసుకు తాళం. గేటు దగ్గర కడ్డీకి గొలుసు కట్టి, గార్డు బెడ్డింగు చుట్టుకుంటున్నాడట.

శారద వంటగది గుమ్మంలోకి వెళ్ళింది. రాహేలు కుక్కరును పాత చీరముక్కలో చుట్టి గోనెసంచిలో పెడుతోంది. తప్పయిపోయింది అనాలని శారద వచ్చింది. రాహేలు తలెత్తి చూసింది.

"పోపుడబ్బా సర్దావా?" అంది శారద.

"సర్దిన."

*

నాచారం చేరిన మర్నాటి నుంచి రాహేలు మామూలుగానే పనికి వచ్చింది. ఆరింటికి వచ్చేది, తొమ్మిదింటికి వెళ్ళేది. అడిగినదానికి జవాబు చెప్పేది. కూర మాడ్చలేదు, గిన్నె విసరలేదు. ఏదో ఒకటి చేసి ఉంటే శారదకు కొంత ఊరటగా ఉండేది. రెండు రోజులు "రాహేలూ" అని పిలిచినప్పుడల్లా తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

ఆదివారం పొద్దున ఆటో ఎక్కి లాలాపేట్ వెళ్ళింది. ఫ్లైఓవరు పక్క సందులో రాహేలు ఇల్లు కనుక్కోవడానికి ఇద్దర్ని అడగాల్సి వచ్చింది. రెండేళ్ళలో ఇక్కడికి ఒక్కసారీ రాలేదు. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే షైనీ తలుపు తీసింది.

"మమ్మీ చర్చి నుంచి ఇంక రాలే ఆంటీ. కూసోన్రి, ఇప్పుడొస్తది." కుర్చీ మీది పుస్తకాలు తీసి చోటు చేసింది. "కొండ మస్తు ఉంటదంట కద ఆంటీ. మమ్మీ అంత చెప్పింది. మలుపు తిరగంగనే ఎదురుంగ ఉన్నదంట, పాలు ఒలకవోసినట్టు. చెట్ల బెరడు కాగితం లెక్క ఊడొస్తదంట. గొర్రెలు గూడ సూసినం అన్నది."

తిరిగొచ్చే దారిలో జీపులో నీరజ చెప్పుకున్న ముచ్చట్లే అవి. ముందు సీటులో డ్రైవరు పక్కన, పప్పు డబ్బా లేని ఒడితో కూర్చుని రాహేలు అన్నీ విన్నదన్నమాట.

"ఫోటోలన్ని మీ ఫోన్ల ఉన్నయన్నది. అడగనీకి మమ్మీకి మొహమాటం. జర చూపిస్తరా?"

శారద ఫోను తీసి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండడానికి కారణం దొరకలేదు. షైనీ ఒక్కొక్కటే జరుపుతూ చూస్తోంది. శిఖరం, వంతెన, బండ మీద అరటాకు పొట్లాలు.

"మమ్మీ ఒక్కదాంట్ల గూడ లేదేంది?"

నిజం చెబితే ఆ తల్లి మాట అబద్ధమవుతుంది. శారద ఆ సాకు పట్టుకుంది. "తీసింది మీ అమ్మే కదా" అంది.

"అవునా? మంచిగ తీసింది." షైనీ నవ్వి వేలితో ఇంకోటి జరిపింది. ఆగింది. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. కడ్డీ దాటగానే గిరిప్రసాద్ తీసి, తర్వాత అందరికీ పంపిన ఫోటో అది. నలుగురూ ముందు వరుసలో నవ్వుతున్నారు. వెనక, కడ్డీ అవతల, బల్ల పక్కన నీలం స్వెట్టరు. ముఖం ఇటే ఉంది.

"ఇది మమ్మీ కద ఆంటీ. గేటు బయట ఉన్నది." ఆ అమ్మాయి తలెత్తింది. "మరి ఇది ఎవరు తీసిన్రు?"

శారద ఫోను కోసం చెయ్యి చాపింది.

"నేను లోపలికి పోలే షైనీ."

రాహేలు గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో జిప్పు కవరు వేసిన బైబిలు. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. లోపలికి వచ్చి బైబిలును గూట్లో పెట్టి, మంచం మీద కూర్చుంది.

"నాకు గట్లెందుకు చెప్పినవ్ మరి?" అంది షైనీ.

"ఏమని చెప్పాలె? ఆ గేటోడు మూడుసార్లు పిల్శిండు. మా నాయిన పెట్టిన పేరు. నేను చెట్టు లెక్క నిలబడ్డ. నా పేరు పిలిస్తె నేను పలకలే అని బిడ్డకు ఎట్ల చెప్పాలె?"

"ఎందుకు పలకలే మమ్మీ?"

"ఆమెను అడగకు" అంది శారద. లేచి నిలబడింది. "అడిగితే నన్ను అడుగు. మీ అమ్మ పేరు రాధ అని నేనే చెప్పాను అందరికీ. ఆ పేరుకే పలకమని చెప్పిందీ నేనే. గార్డు అడిగితే రాలేదన్నాను. అప్పుడు మీ అమ్మ నా పక్కనే ఉంది."

ఆ మాటలు అనడానికి ఎనిమిది రోజులు పట్టింది. అన్నాక ఏదో దిగిపోతుందనుకుంది. ఏమీ దిగలేదు. షైనీ ఆమె ముఖంలోకే చూస్తోంది.

"ఎందుకు ఆంటీ?"

లక్ష్మీనర్సమ్మ కోసం అనడానికి ఇక లేదు. షైనీ ఫోనును ఆమె చేతికివ్వలేదు. కుర్చీలో పెట్టి, లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"చిన్నపిల్ల, ఏమనుకోకున్రి" అంది రాహేలు. కాసేపు చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. "మీతోని ఒక మాట చెప్పేదుండె అమ్మా. రేపు చెప్దామనుకున్న. మీరే వచ్చిన్రు. పైన పెద్దమ్మ వాళ్ళింట్ల ఒంటకు రమ్మన్నది. నీరజ మేడం పొద్దుగాలనే ఏఎస్ రావు నగర్ల బ్యాంకు డ్యూటికి పోతదంట గద. ఆ బల్ల మీద ఉన్ననాడే పెద్దమ్మ అడిగింది. ఆలోచన చేస్కోని చెప్త అన్న. నిన్న ఒప్పుకున్న."

"రెండిళ్ళూ చెయ్యచ్చు కదా. ఒకే బిల్డింగు."

రాహేలు తల ఊపింది, కాదన్నట్టు.

"నేనింకెప్పుడూ అలా చెయ్యను రాహేలూ."

"చెయ్యరు. నాకు ఎరికే. కోపం గాదమ్మా. మీరు రాహేలూ అని పిలుస్తరు సూడున్రి, పిలిచినప్పుడల్ల నాకు ఆ గేటే యాదికొస్తుంది. మొన్న మీ వంటింట్ల బెండకాయలు కోస్తుంటె గూడ గదే. చెయ్యి ఆగిపోతుంది."

బయట సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు. అది మూడుసార్లు మొరాయించి వెళ్ళిపోయింది.

"మంచిది" అంది శారద. ఫోను తీసుకుని బయటికి వచ్చింది.

*

సోమవారం ఆరింటికి శారద తానే వంటింట్లోకి వెళ్ళి, బియ్యం కొలిచి గిన్నెలో పోసుకుని కొళాయి తిప్పింది. మెట్ల మీద అలవాటైన అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు ముందుకు వచ్చి, ఆగకుండా పైకి సాగిపోయింది. ఉమామహేశ్వర్ హాల్లోంచి పేపరు దించి చూశాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు.

ఆ బిల్డింగులో వంటిళ్ళ కిటికీలన్నీ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. పై ఇంటి మాట పక్కనే అన్నట్టు వినబడుతుంది. గిన్నె కింద పెట్టిన చప్పుడు, తలుపు గొళ్ళెం, తర్వాత లక్ష్మీనర్సమ్మ గొంతు.

"రాహేలూ."

"ఆఁ, వొస్తున్న పెద్దమ్మా."

మాట పూర్తిగా బయటికి రాకముందే జవాబు వచ్చింది. కింద గిన్నెలో నీళ్ళు అంచు దాటి, బియ్యపు గింజలను వెంటబెట్టుకుని తూములోకి పోతున్నాయి. శారద కొళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడి విన్నది. లక్ష్మీనర్సమ్మ రెండోసారి పిలవలేదు.